సవర మనిషి దగ్గర పాఠం నేర్చుకున్న పంతులు

ఆగస్టు 29 దగ్గర పడుతోందంటే ఆంధ్రప్రదేశ్‌లోని బడుల్లో తెలుగు భాషా దినోత్సవం సందడి మొదలవుతుంది. గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారి పటం దుమ్ము తుడిచి దండ వేస్తారు. వాడుక భాష కోసం పోరాడిన మహనీయుడని పిల్లల చేత నాలుగు మాటలు చెప్పిస్తారు. మన సంఘాలు నడిపే బడుల్లోనూ ఇది జరుగుతుంది. ఆ మరునాడే తరగతిలో తెలుగు మాట్లాడిన పిల్లవాడికి జరిమానా వేసే బడులు కూడా ఉన్నాయని ప్రియ పాఠకులకు మేము కొత్తగా చెప్పనక్కరలేదు.

ఈ వారం ఈ పేజీలో పంతులు గారి జీవితం చెప్పుకుందామని అనుకున్నాం. ఆయన క్రైస్తవుడు కాడు. మన పత్రికకు ఆయనతో పనేమిటని ఎవరైనా అడగవచ్చు. సభల్లో వినిపించే కథలో సగమే ఉంటుంది. తెలుగు గొడవలోకి దిగకముందే ఆయన కొండ మీది మనుషుల కోసం ఒక పని మొదలుపెట్టి, చివరిదాకా దాన్ని వదల్లేదు. ఆ పని మన హాస్టళ్లనూ, ఆదివారపు బడులనూ, మన ప్రసంగ పీఠాలనూ నిలదీస్తుంది. అందుకే ఈ ప్రయత్నం.

రామమూర్తి గారు 1863 ఆగస్టు 29న పుట్టారు. ఊరు పర్వతాలపేట. శ్రీకాకుళం సీమలో, వంశధార ఒడ్డున, ముఖలింగం గుడికి దగ్గర. తండ్రి వీర్రాజు గారు పర్లాకిమిడి జమీలో రెవెన్యూ ఉద్యోగి. కుర్రవాడికి పన్నెండేళ్లప్పుడు, 1875లో, తండ్రి జ్వరంతో పోయారు. విజయనగరంలో బంధువుల ఇంట ఉండి మహారాజా వారి ఇంగ్లీషు బడిలో చదువుకున్నారు. అక్కడ సహాధ్యాయి గురజాడ అప్పారావు. ఆ స్నేహం తర్వాత తెలుగు చరిత్రనే మలుపు తిప్పింది గాని, అప్పటికి ఇద్దరూ పరీక్షల భయం ఉన్న పిల్లలే. 1879లో మెట్రిక్యులేషన్ అయింది. 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో ముప్పై రూపాయల జీతం మీద ఉపాధ్యాయుడిగా చేరారు. అప్పటికి పదిహేడేళ్లు. ఇంటి బరువు మీద పడింది కాబట్టి కాలేజీ చదువు కుదరలేదు. పాఠాలు చెప్పుకుంటూనే ప్రైవేటుగా పరీక్షలు రాసి పట్టభద్రుడయ్యారు. ఆయన చెప్పింది చరిత్ర పాఠం. ముఖలింగం గుడి శాసనాలు చదవాలన్న పట్టుదలతో పాత లిపులు తనంతట తానే నేర్చుకున్నారు.

పర్లాకిమిడి ఇప్పుడు ఒడిశాలో గజపతి జిల్లా కేంద్రం. అప్పుడు మద్రాసు రాష్ట్రంలోని గంజాం జిల్లాలో ఉండేది. ఊరు దాటితే కొండలు. ఆ కొండల్లో సవరలు. చింతపండు, కందులు, ఆకులు మోసుకుని సంతకు దిగేవారు. బేరం తెలుగులోనో ఒరియాలోనో సాగేది. అప్పు పత్రం కూడా ఆ భాషల్లోనే. సవర మనిషి వేలిముద్ర వేసేవాడు. కోర్టుకెక్కితే మధ్యలో దుబాసీ. సవర ఏం చెప్పాడన్నది ముఖ్యం కాదు, దుబాసీ ఏం చెప్పాడన్నదే కాగితం మీదికెక్కేది. సాహుకారు మోసం, సారా దుకాణం మోసం, చిన్న ఉద్యోగి మోసం, ఇవన్నీ ఆ ఒక్క సందులోంచి నడిచాయి. రామమూర్తి గారు పసివాడుగా ఉన్న రోజుల్లోనే ఆ కొండల్లో సవరలు తిరగబడ్డారు, పోలీసులు వాళ్లను అణచారు. కింద ఊరివాళ్ల లెక్కలో వాళ్లు మొరటువాళ్లు. అదే మొరటువాళ్లు కొండవాలులో రాళ్లు పేర్చి, మెట్టు మీద మెట్టుగా మళ్లు కట్టి, పై మడి నీళ్లు కింది మడికి జారేలా వరి పండించారు. ఈనాటికీ పండిస్తున్నారు. అంత నీటి లెక్క తెలిసినవాళ్లకు బుర్ర లేదనడానికి ఎంత ధైర్యం కావాలి!

ఇది చూసి ఎవరికైనా జాలి కలుగుతుంది. బడి పెట్టాలనీ అనిపిస్తుంది. బడి అంటే మనకు వెంటనే తోచేది ఏమిటి? ఒక పాక, ఒక నల్లబల్ల, కింది నుంచి తీసుకెళ్లిన ఒక మాస్టారు, మన పుస్తకాలు. రామమూర్తి గారు అక్కడ ఆగారు. సవర భాష రాకుండా సవర పిల్లలకు తాను ఏం చెప్పగలనని ఆలోచించారు. తెలుగూ సవరా రెండూ తెలిసిన ఒక మనిషిని తెచ్చి తన ఇంట్లోనే పెట్టుకుని, అతని దగ్గర భాష నేర్చుకోవడం మొదలుపెట్టారు.

ఆ కాలాన్ని ఒక్కసారి తలచుకోండి. 1890ల నాటి పర్లాకిమిడి. బ్రాహ్మణ ఇల్లు. ఊళ్లో పేరున్న పంతులు గారు కొండ మనిషిని ఇంట్లో పెట్టుకుని అతని ముందు విద్యార్థిలా కూర్చోవడం! వీధివాళ్ల నోళ్లు ఊరుకుంటాయా? మన సంఘాల్లో పెద్ద వయసువాళ్లకు ఆ గీత ఎక్కడ గీసి ఉండేదో బాగా తెలుసు. గుమ్మం బయట నిలబడి మంచినీళ్లు దోసిట పోయించుకున్నవాళ్ల కొడుకులం, మనవలం మనలో ఎంతమంది లేము! అందుకే ఈ ఒక్క ఘట్టం దగ్గర మేము కొంచెంసేపు ఆగాలనుకున్నాం. దయ చూపించడానికి గుమ్మం దాటక్కరలేదు. నేర్చుకోవడానికి మాత్రం దాటి తీరాలి.

ఆ నేర్చుకోవడం ఏళ్ల తరబడి సాగింది. ఇంట్లో కూర్చుని చేసే పని కూడా కాదు. కొండలెక్కి పల్లెల్లో ఉండి, పాటలు, కథలు, మొక్కుబళ్ల మాటలు విన్నారు, రాసుకున్నారు. మన్యం జ్వరం పట్టుకుంది. దానికి మందుగా క్వినైను మింగి మింగి చెవుడు వచ్చింది. ధ్వనికి ధ్వనికి మధ్య వెంట్రుకవాసి తేడాను పట్టుకోవలసిన మనిషి వినికిడి పోగొట్టుకున్నారు. అయినా పని ఆగలేదు.

సవర మాటను రాయడం తేలిక కాదు. అది తెలుగుకు గాని ఒరియాకు గాని చుట్టం కాదు. ముండా భాషల్లో ఒకటి. దాని దూరపు బంధువులు బర్మాలోనూ కంబోడియాలోనూ ఉన్నారు. గొంతులో శ్వాసను తటాలున ఆపి పలికే ధ్వని ఒకటి సవరలో ఉంది. మన అక్షరాల్లో దానికి గుర్తు లేదు. తెలుగు మాస్టారు చెవికి అది అసలు వినబడదు, పిల్లవాడు మాట మింగేశాడని అనుకుంటాడు. మింగింది పిల్లవాడు కాదు, వినడం చేతకానిది మాస్టారికి. రామమూర్తి గారు ధ్వనిశాస్త్రం చదివి, ఆ ధ్వనులకు తగిన గుర్తులు ఏర్పరచుకుని సవర మాటను ఉన్నది ఉన్నట్టుగా కాగితం మీద పెట్టారు.

అంకెల సంగతి ఇంకా విచిత్రం. మన తెలుగు లెక్క పది మీద నిలబడింది. పదమూడు అంటే పదీ మూడు. సవర లెక్క పన్నెండు దాకా వెళుతుంది. పదమూడు అంటే వాళ్లకు పన్నెండూ ఒకటి. పంతొమ్మిది అంటే పన్నెండూ ఏడు. ఇరవై దగ్గర ఒక మొత్తం పూర్తవుతుంది. ముప్పై మూడు అనాలంటే ఒక ఇరవై, ఒక పన్నెండు, ఒకటి. ఇప్పుడు ఆ పిల్లవాడు ఒకటో తరగతిలో కూర్చున్నాడు. మాస్టారు పదుల కట్టలు కట్టమన్నారు. వాడి చెయ్యి పన్నెండు పుల్లలు ఏరుతుంది. తప్పు అంటారు, బెత్తం తీస్తారు. వాడికి లెక్కలు రావని రిజిస్టరులో రాస్తారు. వాడికి లెక్క వచ్చు. మనకు రాని లెక్క వచ్చు. కోడిగుడ్లు డజన్ల చొప్పున కొనుక్కునే మనం ఆ పిల్లవాణ్ణి చూసి నవ్వడం ఏం న్యాయమో!

రామమూర్తి గారు సవరలో వాచకాలు, కథలు, పాటల పుస్తకాలు తయారు చేశారు. సొంత డబ్బు పెట్టి బడులు పెట్టారు. మాస్టార్ల జీతాలు తన చేతి నుంచి ఇచ్చారు. తన జీతం ఏపాటిదో పైన చెప్పాం. సవర పిల్లలకు సవరలోనే మొదటి పాఠం. మొదటి పుస్తకంలో వాళ్ల కొండ, వాళ్ల మాట. మద్రాసు ప్రభుత్వం ఆయనకు పారితోషికం ఇవ్వబోతే, తనకు వద్దు, ఆ సొమ్ముతో సవర పిల్లలకు బడి పెట్టండని అడిగినట్టు ఆయన జీవితం రాసినవారు చెబుతారు. 1913లో బిరుదు కూడా ఇచ్చారు. 1931లో ఆయన సవర వ్యాకరణం ఇంగ్లీషులో అచ్చయింది. 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు వచ్చింది. అప్పటికి ఆయనకు డెబ్బై అయిదేళ్లు. ముప్పై ఏళ్లు దాటిన వయసులో మొదలుపెట్టిన చదువు ఆ వయసుకు పుస్తకంగా తేలింది.

ఇక్కడ మేము ఒక మాట ఒప్పుకోవాలి. సేవలో కొత్తగా అడుగుపెట్టిన రోజుల్లో ఏజెన్సీ పిల్లల హాస్టలు ఒకదానిలో ఆదివారపు బడి చెప్పేవాళ్లం. అక్కడ ఒక నియమం ఉండేది. ఇంటి భాష మాట్లాడినవాళ్లు భోజనం వేళ మోకాళ్ల మీద నిలబడాలి. ఆ నియమం మేము పెట్టలేదు. కాని దాన్ని అమలు చేసినవాళ్లలో మేమూ ఉన్నాం. తెలుగు త్వరగా వస్తుందనీ, బైబిలు చదువుకుంటారనీ నమ్మాం. అక్కడ ఒక సవర కుర్రవాడి పేరు మాకు నోరు తిరగలేదు. మంచి పేరు పెడుతున్నామనుకుని బైబిలులోంచి ఒక పేరు తీసి వాడికి పెట్టాం. హాజరు పట్టీలో అదే ఎక్కింది. మూడేళ్ల తర్వాత వాళ్ల ఊరు వెళ్లి ఆ పేరుతో పిల్లవాడి క్షేమం అడిగితే, వాళ్ల తాతకు మేము ఎవరి గురించి అడుగుతున్నామో అర్థం కాలేదు. సవరల్లో చనిపోయిన పెద్దల పేరు బిడ్డకు పెట్టుకునే ఆచారం ఉందని ఆ రోజే తెలిసింది. మేము కొట్టివేసింది ఒక పిల్లవాడి పేరు మాత్రమే కాదన్నమాట. ఆ తాత మమ్మల్ని ఏమీ అనలేదు. జొన్న అంబలి ఇచ్చి పంపించాడు.

బబులోనులో దానియేలుకూ అతని ముగ్గురు స్నేహితులకూ జరిగింది ఏమిటో మనకందరికీ కంఠస్థమే. రాజు భోజనం, మూడేళ్ల చదువు, కల్దీయుల భాష, కొత్త పేర్లు. ఆ అధ్యాయం మీద మేము ఎన్నిసార్లు ప్రసంగించామో లెక్కలేదు. ప్రతిసారీ మమ్మల్ని దానియేలు పక్కనే నిలబెట్టుకున్నాం. పేర్లు మార్చిన ఆ నపుంసకుల అధిపతి పక్కన నిలబడి చూసుకోవాలని ఏనాడూ తోచలేదు.

ఇక అందరికీ తెలిసిన కథ. దీన్ని త్వరగా చెప్పి ముందుకు వెళదాం. 1907 ప్రాంతంలో జె. ఏ. యేట్సు అనే దొర ఉత్తర కోస్తా జిల్లాలకు బడుల ఇన్‌స్పెక్టరుగా వచ్చారు. తెలుగు పిల్లలు ఇంట్లో మాట్లాడే తెలుగు ఒకటి, బడిలో రాసే తెలుగు ఇంకొకటిగా ఎందుకున్నాయని ఆయనకు సందేహం వచ్చింది. మనవాళ్లు అడగవలసిన ప్రశ్న పరాయివాడు అడిగాడు. విశాఖపట్నం ఏ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాల్ పి. టి. శ్రీనివాస అయ్యంగారు, గురజాడ, రామమూర్తి గారు ఆ ప్రశ్నను పట్టుకున్నారు. సవర పిల్లవాడికి తెలుగు వాచకం ఎంత దూరమో, తెలుగు పిల్లవాడికి గ్రాంథిక వాచకం కూడా దాదాపు అంత దూరమేనని కొండ మీద నేర్చుకున్న పాఠం పంతులు గారికి చెప్పింది. వస్తాను అనే పిల్లవాడు వచ్చెదను అని రాయకపోతే మార్కులు పోయేవి. ఆలోచన ఉన్నా మాట తప్పైపోయేది. మార్కులు పోతే చదువు పోతుంది. ఆ చదువు ఎవరిది ముందు పోతుందో చెప్పనక్కరలేదు. ఇంట్లో పండితుడు లేని పిల్లవాడిది.

ఇక్కడ మనవైపు నుంచి ఒక ముచ్చట. బందరులో పనిచేసిన మిషనరీ ఏ. హెచ్. ఆర్డెన్ 1873లో తెలుగు వ్యాకరణం ఒకటి ఇంగ్లీషులో రాశారు. అందులో ముందుగా నేర్పేది జనం మాట్లాడే తెలుగే. జనంతో మాట్లాడాలని వచ్చినవాడికి జనం భాష కావాలి మరి. అంతటి వారసత్వం ఉన్న మనం ఇప్పటికీ ప్రార్థనలో ఒక తెలుగు, ప్రార్థన ముగిశాక ఇంకొక తెలుగు మాట్లాడుతున్నాం. ఆదివారపు బడిలో పసిపిల్లలు కంఠస్థ వాక్యం గడగడా అప్పజెబుతారు. అర్థం అడిగితే మొహాలు చూస్తారు. బహుమతి మాత్రం ఇచ్చేస్తాం.

పండితులు ఊరుకోలేదు. జయంతి రామయ్య పంతులు గారు, ఆంధ్ర సాహిత్య పరిషత్తు గట్టిగా ఎదురు నిలిచారు. పరీక్షలో వ్యావహారికంలోనూ రాయవచ్చని ప్రభుత్వం ఒకసారి ఇచ్చిన వెసులుబాటును వాళ్ల ఒత్తిడితో మళ్లీ వెనక్కి తీసుకుంది. రామమూర్తి గారు ఊరూరా తిరిగారు. 1919లో తెలుగు అనే మాసపత్రిక పెట్టారు. జీవిత చరమాంకంలో వీరేశలింగం పంతులు గారు ఈ పక్షానికి అండగా నిలిచారు. 1925లో తణుకులో సాహిత్య పరిషత్తు సభకే వెళ్లి, గంటల తరబడి మాట్లాడి, పూర్వకవుల పుస్తకాల్లోంచే ప్రయోగాలు ఎత్తి చూపించారు. వ్యాకరణాలు తప్పన్న మాటలను పెద్ద పెద్ద కవులే వాడారని నిరూపించారు. చెవులు వినిపించని మనిషి ఎదుటివాళ్ల కేకలకు జంకలేదని సరదాగా అనుకోవచ్చు గాని, ఆయన్ను నిలబెట్టింది చదువు.

పంతులు గారిని పొగడ్డమే మా ఉద్దేశమైతే ఇక్కడికి ఆపేయాలి. కాని ఒక సంగతి చెప్పకపోతే మా పాఠకులకు అన్యాయం చేసినట్టే. తెలుగు విషయంలో ఆయన వాదించింది శిష్ట వ్యావహారికం కోసం. అంటే చదువుకున్నవాళ్లు, మర్యాదస్తులు అనిపించుకున్నవాళ్లు మాట్లాడే భాష. మాలపల్లె మాట, మాదిగపల్లె మాట, తెలంగాణ పల్లె మాట ఆ గీతకు అవతలే ఉండిపోయాయి. తర్వాత వచ్చిన దళిత రచయితలు, తెలంగాణ రచయితలు ఈ లోటును నిలదీశారు. నిలదీయడం న్యాయమే. కొండ మీద అక్షరం తెలియని మనిషిని గురువుగా ఒప్పుకున్న ఆయన, కింద తన సొంత భాషకు వచ్చేసరికి శిష్టుల దగ్గర ఆగిపోయారు. పరాయివాడి భాషను గౌరవించడం కన్నా, మన ఊరి చివర ఉన్నవాడి యాసను గౌరవించడం కష్టమేమో. న్యాయాధిపతుల కాలంలో యొర్దాను రేవు దగ్గర ఒక్క అక్షరం పలకలేనందుకు ప్రాణాలు తీసినవాళ్లూ, పోగొట్టుకున్నవాళ్లూ ఒకే ఇశ్రాయేలు గోత్రాలవాళ్లే.

మన సంఘాల్లో ఇది లేదా? పల్లె నుంచి వచ్చిన సోదరి సాక్ష్యం చెప్పడానికి లేస్తే, ఆమె మాట తీరుకు ముందు వరసలో చిరునవ్వులు కనబడవా? చక్కటి తెలుగు రాదని పాస్టరు గారి పక్కన నిలబడి వాక్యం చదివే అవకాశం ఎందరికి దక్కకుండా పోయింది?

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. పర్లాకిమిడి అందులో చేరింది. చేర్చాలని రాజావారు పట్టుబట్టారు. తెలుగువాళ్లు ఎక్కువగా ఉన్న ఊరు తెలుగు జిల్లాల్లోనే ఉండాలని రామమూర్తి గారు పోరాడారు. ఓడిపోయారు. అన్నం పెట్టిన సంస్థానాన్ని ఎదిరించి, యాభై ఆరేళ్లు కాపురమున్న ఊరిని డెబ్బై రెండేళ్ల వయసులో వదిలి రాజమహేంద్రవరం చేరారు. తన భాష పరాయిదైపోయే చోట బతకలేనని తేల్చుకున్నారు. ఆ బాధ ఆయనకు తెలియనిది కాదు. ఇన్నేళ్లూ సవరల మొహాల్లో చూసిన బాధే.

సవరలకు మాత్రం వలస వెళ్లడానికి ఇంకో ఊరు లేదు. ఆ గీత వాళ్ల కొండల మధ్యగా పడింది. ఒకవైపు పిల్లలకు ఒరియా బడి, ఇటువైపు పిల్లలకు తెలుగు బడి. రెండూ వాళ్ల భాషలు కావు. ఏ రాష్ట్రంలో ఉంటారని వాళ్లను అడిగినవాళ్లు లేరు. ఆ 1936లోనే మంగేయి గొమాంగో అనే సవర పెద్ద తన భాషకు సొంతంగా ఒక లిపి తయారు చేశారు. సొరంగ్ సొంపెంగ్ అని దాని పేరు. కొండ దిగి ఎవరో వచ్చి రాసిపెట్టేదాకా ఆగలేదు. ఇవాళ సవర మాట నాలుగు రకాల అక్షరాల్లో కనబడుతుంది. సరిహద్దుకు అటువైపు ఒరియా, ఇటువైపు తెలుగు, సొంత లిపి, క్రైస్తవ సవరలు పాటలకూ వాక్యానికీ వాడుకునే రోమన్ అక్షరాలు. ఇది వాళ్ల సమృద్ధో, చీలికో తేల్చవలసింది వాళ్లే.

ఆంధ్ర విశ్వవిద్యాలయం 1938లో రామమూర్తి గారికి కళాప్రపూర్ణ ఇచ్చింది. 1940 జనవరి మధ్యలో మద్రాసులో పత్రికలవాళ్లను కూర్చోబెట్టుకుని, మీరు రాసే తెలుగు జనం తెలుగు కావాలని చివరి విన్నపం చేసుకున్నారు. ఆ తర్వాత కొద్ది రోజులకే, జనవరి 22న కన్నుమూశారు. కొడుకు సీతాపతి గారు సవర పని కొనసాగించారు.

ఆయన పోయిన అరవై ఏళ్ల తర్వాత గాని మన ప్రభుత్వం సవర, కోయ, కువి, కొండ వంటి భాషల్లో ఒకటో తరగతి పుస్తకాలు తయారు చేయించలేదు. 2020 జాతీయ విద్యావిధానం కూడా వీలైనచోట అయిదో తరగతి దాకా ఇంటి భాషలో బోధన ఉండాలని చెబుతోంది. కాగితం మీది మాట తరగతి గదిలోకి వచ్చేలోపు ఎందరు పిల్లలు బడి మానేస్తారో చూస్తూనే ఉన్నాం. ఇంగ్లీషు వద్దని మేము అనడం లేదు. మన తల్లిదండ్రులు కడుపు కట్టుకుని ఇంగ్లీషు బడికి ఎందుకు పంపుతున్నారో మాకు తెలుసు. ఇంగ్లీషు మన పిల్లలకు ఊరి కట్టుబాట్ల నుంచి బయటపడే దారి అయింది. సవర పిల్లవాడికీ ఆ దారి కావాలి. ఆ దారి చివరికి చేరేవేళకు వాడి పేరు, వాడి తాత మాట వాడి దగ్గర ఉంటాయా అన్నదే మా బెంగ.

మా పరిచర్యలో ఉన్న హాస్టలులో ఈ ఏడు పదకొండు మంది సవర పిల్లలు చేరారు. వార్డెను గారు శ్రీకాకుళం వైపు మనిషే గాని సవర రాదు. ఈ జూన్‌లో ఆయనకు ఒక పని అప్పగించాం. రోజూ రాత్రి భోజనాలయ్యాక అరగంట పిల్లల దగ్గర కూర్చుని వాళ్ల చేత పాఠం చెప్పించుకోవాలి. మొదటి నెల గడిచేసరికి ఆయన ఏడు దాకా వచ్చారు. ఎనిమిది దగ్గర నాలుక తడబడుతోందట. పిల్లలు పడీ పడీ నవ్వుతున్నారట. ఈ ఆగస్టు 29న పంతులు గారి పటం ముందు వార్డెను గారు సవరలో పన్నెండు దాకా లెక్కపెట్టాలని పిల్లలే తీర్మానించారు. తప్పు చెబితే ఏం చేయాలో కూడా వాళ్లే ఆలోచించి పెట్టుకున్నారు. మోకాళ్ల మీద నిలబెట్టడం మాత్రం వద్దని వార్డెను గారు ముందుగానే బతిమాలుకున్నారు.